చిందరవందర ఇంట్లో ఉండేది ఎవరు?

రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదిలేసినా, విడిచిన బట్టలు మంచం మీదే కుప్ప పోసినా మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనే మాట ఒకటుంది, ఇంట్లో జ్యేష్ఠాదేవి తిష్ఠ వేస్తుందని. లక్ష్మీదేవికి అక్క, పాలసముద్రం చిలికినప్పుడు ఆమెకంటే ముందు పుట్టింది. తిట్టుకి తప్ప ఇవాళ ఆవిడ పేరు ఎవరూ ఎత్తరు గానీ, ఒకప్పుడు ఈ అక్కగారికి గుళ్ళలో పూజలు జరిగాయి.

మదురై దగ్గర తిరుప్పరంకుండ్రం గుహాలయంలో జ్యేష్ఠకు గుడి చేయించింది ఒక ఆడమనిషే, పాండ్య సేనాని సాత్తన్ గణపతి భార్య నక్కన్ కొర్రి. 773 నాటి సంగతి. ఆ కాలపు శిల్పాల్లో ఆవిడ భయంకరంగా ఏమీ ఉండదు. పెద్ద పొట్ట, కాళ్ళు కిందికి వదిలేసి తీరిగ్గా కూర్చునే తీరు, చెరో పక్కన ఎద్దు మొహం కొడుకు, కూతురు, పైన కాకి జెండా. చీపురు కూడా ఆవిడ గుర్తే, మనమేమో ఇప్పుడు చీపురు లక్ష్మి అంటూ కాలు తగలనివ్వం!

జనం ఆవిడను సిరిసంపదలే అడిగేవారు. మనకు విప్రనారాయణుడిగా తెలిసిన తొండరడిప్పొడి ఆళ్వారు, జ్యేష్ఠ ఒడిలో సిరి కోసం ఎదురుచూస్తారేమిటని దెప్పాడంటే ఆ అలవాటు గట్టిగానే ఉండి ఉండాలి. 10వ శతాబ్దం తర్వాత ఆ పూజ సన్నగిల్లింది, నింద మాత్రం మిగిలింది.

అసలు లింగపురాణంలో ఆవిడ ఎలాంటి ఇళ్ళకు వెళ్తుందో మార్కండేయుడు చెప్తాడు. మొగుడూపెళ్ళాలు పోట్లాడుకునే ఇల్లు, పిల్లలు చూస్తుండగా వాళ్ళకు పెట్టకుండా పెద్దలు తినేసే ఇల్లు, ఇలా పెద్ద జాబితా ఉంది. పైగా ఆ మాటలు చెప్పింది జ్యేష్ఠతో కాదు, ఆవిడ మొగుడు దుస్సహుడితో, నీ భార్యను తీసుకుని ఇద్దరూ ఆ ఇంట్లోకి వెళ్ళండని. మనం దుస్సహుణ్ణి శుభ్రంగా మర్చిపోయాం. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్న సామెత ఉంది కానీ ఇంటాయన్ని చూడమన్నది ఒక్కటీ లేదు, సోఫా మీద తడి తువ్వాలు పారేసింది ఆయనే అయినా సరే, చుట్టాలు బెల్లు కొట్టగానే టెన్షన్ ఆవిడకే. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు.