రాక్షసుడు పోయాక ఏం చెయ్యాలి?

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, గీగస్ పోయాడు, కానీ ఆట అయిపోలేదు. ఎక్కడికెళ్ళినా ఒక్క శత్రువు కూడా రావట్లేదు. ఎవరూ ఏ పనీ చెప్పట్లేదు. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నావు. కాస్త ఆగి, "ముగింపు బాగుందో లేదో కూడా తెలియట్లేదు" అన్నావు. నీ గొంతులో దిగులుంది. పడుకున్నా నాకు అదే ధ్యాస. పొద్దున్నే కాఫీ తాగి ఈ కాగితం ముందేసుకున్నాను. ఇది నీ ఒక్కదానికే కాదు, నీలాగే ఆటలాడే నీ స్నేహితులకు కూడా చదివి వినిపించు.

ఎండాకాలం సెలవుల్లో నువ్వు మా హాల్లో కూర్చుని ఆ ఎర్త్‌బౌండ్ అనే వీడియో గేమ్ ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకుని నెల రోజులు చూశాను కదా. మొదట్లో నిన్ను కనిపెట్టుకుని ఉండడానికే కూర్చున్నాను. తర్వాత నాకే పట్టుకుంది. గీగస్ అనే రాక్షసుణ్ణి ఓడించడానికి నెస్ అనే పిల్లవాడు ఇల్లు వదిలి ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటాడు. ఆడినంతవరకు ఆటను సేవ్ చేసుకోవాలంటే ఫోన్ దగ్గరికి వెళ్ళి నాన్నకు ఫోన్ చెయ్యాలి. చాలాసేపు ఆడితే ఆ నాన్నే ఫోన్ చేసి కాసేపు విశ్రాంతి తీసుకోరాదా అంటాడు. నాకు ఆ నాన్న చాలా నచ్చాడు. పిల్లవాడికి అప్పుడప్పుడు ఇంటి మీద బెంగ పుడుతుంది. అలాంటప్పుడు యుద్ధం మధ్యలో కూడా ఏమీ చెయ్యకుండా అమ్మను తలుచుకుంటూ నిలబడిపోతాడు. అమ్మకు ఫోన్ చేస్తే ఆ బెంగ తీరుతుంది. ఇష్టమైన తిండి ఏమిటని ఆట మొదట్లో అడిగితే నువ్వు దోసె అని పెట్టావు. అందుకని ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ తల్లి పిల్లవాడికి దోసె పెట్టి పడుకోబెట్టేది. మీ నానమ్మ వంటింట్లోంచి వచ్చి మరీ చూసేది.

సరే, ముగింపు సంగతి. నాకు తెలిసిన పద్ధతిలో చెప్తాను. మన వెనక వరండాలో ఉన్న నులక మంచం చూశావు కదా? అది మా తాతయ్య అల్లినది కాదు గానీ, ఆయన దగ్గర నేర్చుకుని నేను అల్లినది. మా చిన్నప్పుడు గోగునారతో నులక పేనుకుని ఇంట్లోనే మంచాలు అల్లుకునేవాళ్ళం. వేపచెట్టు కింద నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు బిగించి పెట్టేవారు. కాళ్ళ వైపు జానెడు ఖాళీ వదిలి, అక్కడ అడ్డంగా ఒక గట్టి తాడు కట్టేవారు. నులక అక్కణ్ణుంచి బయలుదేరి ఏటవాలుగా ఈ పట్టె నుంచి ఆ పట్టెకు పోతుంది, వెనక్కి వస్తుంది. ఒక పాయ మీదుగా వెళ్తుంది, ఒక పాయ కిందుగా వెళ్తుంది. కిందకు పోయినప్పుడు మనకు కనబడదు. ఇంకెక్కడో పైకి వస్తుంది. అల్లే మనిషి ఒకడు, నులక చుట్ట అందించే పిల్లవాడు ఒకడు. ఆ పిల్లవాణ్ణి నేను. అప్పుడు నాకు పదేళ్ళు.

ఒకసారి తాతయ్య అన్నానికి లోపలికి వెళ్తూ, "చివరి నాలుగు వరసలు నువ్వు వేస్తావురా?" అన్నారు. నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. కానీ ఆకలి కూడా దంచేస్తోంది. రెండు వరసలు వేసి, మిగిలిన నులకను పట్టెకు నాలుగు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేసేశాను. పైకి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. ఆ రాత్రి మా మేనమామ దానిమీద పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక నడుము దగ్గర అల్లిక ఒక పక్కకు జారిపోయి, ఆయన కుక్కి మంచంలో పడుకున్నట్టు నేలకు ఆనిపోయాడు. నేనేమో ముడి ఊడిందేమో అనుకున్నాను. దీపం పట్టుకెళ్ళి చూస్తే ముడి చెక్కు చెదరలేదు. పొద్దున్న తాతయ్య నన్ను తిట్టలేదు. ముడి విప్పి, నేను వేసిన రెండు వరసలూ విప్పి, అంతకుముందు తాను వేసిన మూడు వరసలు కూడా విప్పి, మళ్ళీ నా చేతికే చుట్ట ఇచ్చారు. ఏ పాయ ఎక్కడ కిందకు పోయిందో అది అక్కడ పైకి తేలేదాకా నన్ను కదలనివ్వలేదు. మధ్యాహ్నం రెండయింది. అంతదాకా ఆయనా తినకుండా నా పక్కనే కూర్చున్నారు.

ఇప్పుడు నీ ఆటకు వద్దాం. నీ ఆట మధ్యలో ఒకసారి, నెస్ జట్టులో ఉన్న జెఫ్ స్నేహితుడు టోనీ ఫోన్ చేసి, ఈ ఆట ఆడుతున్నవాళ్ళ పేరేమిటి అని అడిగాడు, గుర్తుందా? నెస్ పేరు కాదు, నీ పేరు. ఎందుకబ్బా అనుకుంటూనే టైప్ చేశావు. తర్వాత నువ్వూ మరిచిపోయావు, నేనూ మరిచిపోయాను. ఆ నులక అప్పుడే కిందకు పోయింది. చివర్లో కత్తులు, మంత్రాలు ఏవీ పనిచెయ్యక, జట్టులోని ఆడపిల్ల పౌలా ఒక్కతే ప్రార్థన చేస్తూ ఉంటే ఏం జరిగింది? మీరు దారిలో కలిసిన వాళ్ళంతా ఒక్కొక్కరే తెరమీదకు వచ్చారు. అప్పుల్లో కూరుకుపోతే మీరు విడిపించిన పాటగాళ్ళు వచ్చారు. పౌలా అమ్మానాన్నలు వచ్చారు. టోనీ వచ్చాడు. మొదటి ఊళ్ళో రౌడీమూకకు పెద్దగా తిరిగిన ఫ్రాంక్, నెస్ చేతిలో ఓడిపోయినవాడు, వాడు కూడా ఈ పిల్లల క్షేమం కోరుకున్నాడు. నెస్ అమ్మ సరేసరి. అందరూ అయిపోయాక, ఇక పిలవడానికి ఎవరూ మిగలనప్పుడు నీ పేరు తెరమీదకు వచ్చింది. "తాతయ్యా, నా పేరు వచ్చింది, నా పేరు!" అని నువ్వు ఫోన్‌లో అరిచినప్పుడు నాకు మా వేపచెట్టు కింద పాయ పైకి తేలడం కనిపించింది.

ఆ ఫ్రాంక్ సంగతి నాకు మరీ నచ్చింది. అంత పెద్ద కథ నడిచాక మొదటి ఊళ్ళో చిల్లర రౌడీని ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పు? అల్లినవాళ్ళు గుర్తుపెట్టుకున్నారు.

వాళ్ళు ఎవరో కూడా చెప్తాను. ఈ కథ రాసింది షిగెసాతో ఇతోయి. జపాన్‌లో వ్యాపార ప్రకటనలకు మాటలు రాయడంలో పేరున్న మనిషి. ఈ ఆటకు అక్కడి పేరు మదర్ 2. 1994లో వచ్చింది. ఏళ్ళ తరబడి తయారు చేస్తూ చేస్తూ ఒక దశలో పని పూర్తిగా చిక్కుబడిపోయిందట. అప్పుడు సతోరు ఇవాతా అనే ఇంజనీరు సాయానికి వచ్చాడు. తర్వాతి కాలంలో నింటెండో అనే ఆటల కంపెనీకి అధ్యక్షుడైంది ఆయనే. చేసినదంతా చూసి, "ఉన్నదాన్నే సరిచేసుకుంటూ పోతే రెండేళ్ళు పడుతుంది, మొదట్నుంచి మళ్ళీ చేస్తే ఆరు నెలల్లో అవుతుంది" అన్న అర్థంలో చెప్పాడు. చివరికి మళ్ళీ మొదట్నుంచే చేశారు. ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్య తాను వేసిన వరసలు కూడా విప్పడం గుర్తొచ్చింది. ఎంత కష్టంగా ఉండి ఉంటుందో కదా, చేసిన పనిని విప్పడం!

అన్ని ఆటలకూ ఈ అదృష్టం పట్టలేదు. మీ బాబాయి ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మాస్ ఎఫెక్ట్ అని ఒకటి ఆడేవాడు. కెనడాలో ఎడ్మంటన్ ఊరి కంపెనీది. 2007 నుంచి 2012 దాకా మూడు భాగాలు. మొదటి దాంట్లో నువ్వు ఎవర్ని కాపాడావో, ఎవరికి మాట ఇచ్చావో అన్నీ రెండో దాంట్లోకీ, అక్కణ్ణుంచి మూడో దాంట్లోకీ వెంట వస్తాయి. ఎంత గొప్ప అల్లికో చూడు! తీరా చివర మూడు దారులు పెట్టారు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఏది ఎంచుకున్నా చూపించింది మాత్రం ఇంచుమించు ఒకేలా ఉంది. అన్నేళ్ళు వెంట వచ్చిన స్నేహితులు ఆ తర్వాత ఏమయ్యారో సరిగ్గా తెలియలేదు. మీ బాబాయి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆడినవాళ్ళు కొందరు చందాలు వేసుకుని ఆ కంపెనీకి సుమారు 400 కప్‌కేకులు పంపారు. రంగులు మూడు, రుచి మాత్రం ఒకటే. వాళ్ళ బాధ చెప్పుకునే తీరు అది. కంపెనీ కూడా విన్నది. ఆ ఏడు జూన్‌లోనే ముగింపును పొడిగించి, మిత్రులు ఏమయ్యారో చూపించి, ఉచితంగా ఇచ్చింది. నులక మంచానికి కాళ్ళవైపు తాడు ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందా? సాగినప్పుడు మళ్ళీ బిగించుకోవడానికి. కొంత బిగిసిందనే మీ బాబాయి కూడా ఒప్పుకున్నాడు.

ఇక నీ అసలు ప్రశ్న. రాక్షసుడు పోయాక కూడా నిన్ను ఆ లోకంలో ఎందుకు వదిలేశారు?

నీకు రామాయణంలో రావణుడు చచ్చేదాకా తెలుసు, పట్టాభిషేకం తెలుసు. ఆ రెంటికీ మధ్యలో ఒకటుంది. పుష్పకం ఎక్కి తిరిగి వస్తూ రాముడు సీతకు కిందకు చూపిస్తాడు. అదిగో యుద్ధం జరిగిన చోటు, అదిగో సేతువు, అదిగో కిష్కింధ, ఇదే పంప, ఇక్కడే నీకోసం ఏడ్చాను, ఇదిగో చిత్రకూటం అని. కిష్కింధ దగ్గర సీత ఆగమని చెప్పి తారను, మిగతా వానర స్త్రీలను కూడా విమానం ఎక్కించుకుంటుంది. నడిచి వచ్చిన దారినంతా పైనుంచి మళ్ళీ ఒకసారి చూడడం అన్నమాట. నా చిన్నప్పుడు మా ఊరి గుళ్ళో రామాయణం చెప్పే ఆయన ఈ ఘట్టం దగ్గర ఎప్పుడూ తొందరపడేవారు కాదు. యుద్ధం ఒక్క సాయంత్రంలో ముగించినా దీనికి ఒక సాయంత్రం పట్టేది. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకునేవారు. నాకప్పుడు అర్థం కాలేదు. బాణాలూ లేవు, రాక్షసులూ లేరు, వీళ్ళెందుకు ఏడుస్తున్నారు అనుకునేవాణ్ణి.

నువ్విప్పుడు పుష్పకంలో ఉన్నావు బుజ్జీ. అందుకే శత్రువులు రావట్లేదు. గీగస్ దగ్గరికి వెళ్ళడానికి ఆ నలుగురు పిల్లలూ తమ ప్రాణాల్ని మరబొమ్మల్లో పెట్టుకుని వెళ్ళారు కదా, తిరిగి వస్తామో రామో తెలియకుండా. వచ్చారు. పూ తన రాజ్యానికి వెళ్ళిపోయాడు, జెఫ్ వాళ్ళ నాన్న దగ్గర ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ ఆ తండ్రీకొడుకులు సరిగ్గా ఒకచోట ఉన్నదే లేదు కదా. మిగిలింది పౌలా. ఇంటిదాకా తోడు రమ్మని నిన్నడిగింది. నీకిప్పుడున్న పని అదే.

ఈ మదర్ ఆటలు మొత్తం మూడు. మొదటిది 1989లో, మూడోది 2006లో. మొదటిదాంట్లో చివరి శత్రువును లొంగదీసేది ఒక జోలపాట. మూడోది ఒక్క జపాన్‌లోనే విడుదలైంది. అందులో చివర తెర అంతా నల్లబడిపోయి, సమాప్తమా అని ఒక ప్రశ్న గుర్తు మిగులుతుంది. ఆ చీకట్లో నువ్వు నడిస్తే మనుషులు కనబడరు గాని మాటలు వినబడతాయట. మేం బాగానే ఉన్నాం అంటారట. ఆడుతున్న నీకు కృతజ్ఞతలు చెప్తారట. మీ అన్నయ్య అది చెప్తున్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఒక బొమ్మల పెట్టెలో ఉన్నవాళ్ళు బయట ఉన్న పిల్లను పేరు పెట్టి పిలవడమేమిటి, బాగున్నామని కబురు పెట్టడమేమిటి? ఇది ఎలా పనిచేస్తుందో నేను చెప్పలేను. మంచం సంగతి చెప్పగలను, దీని సంగతి నా వల్ల కాదు. నువ్వే చూడాలి.

కాబట్టి ఇలా చెయ్యి. నెస్‌కు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి క్షణంలో పోయే విద్య ఉంది కదా, దాన్ని వాడకు. నడిచే వెళ్ళు. మొట్టమొదట ఎవరితో మాట్లాడావో వాళ్ళదాకా ఒక్కొక్కరినీ పలకరించు, చాలామంది దగ్గర కొత్త మాటలున్నాయి. ఆ పాటగాళ్ళను చూడు. ఫ్రాంక్ దగ్గర తప్పకుండా ఆగు. పౌలాను వాళ్ళింట్లో దింపినప్పుడు తొందరపడి బటన్ నొక్కెయ్యకు, ఆ పిల్ల ఏదో చెప్పాలనుకుంటుంది. ఆదివారం ఒక్కరోజు సరిపోదు, రెండు మూడు వారాలు తీసుకో, చదువు మాత్రం ఆపకు. అన్నీ అయ్యాక నెస్ సొంతూరు ఒనెట్‌లో ఇంటికి వెళ్ళు, అమ్మ ఉంటుంది. దారి పొడుగునా ఒకాయన ఆకాశంలోంచి ఊడిపడి నిన్ను నిలబెట్టి ఫోటోలు తీశాడు కదా, ఆ ఫోటోలెందుకో అప్పుడు తెలుస్తుంది.

ఆ ఫోటోలు, పేర్లు అన్నీ అయిపోయాక వెంటనే ఆపెయ్యకు. మొదటి రోజు రాత్రి, కొండ మీద ఉల్క పడ్డాక, పక్కింటి పోకీ వచ్చి ఆ తలుపు ఎలా బాదాడో గుర్తుందా? ఒక్క నిమిషం ఆగి, చెవి పెట్టి విను. ఏం వినబడిందో నాకు ఫోన్ చేసి చెప్పు. పొద్దుపోయినా ఫరవాలేదు, నేను మేలుకునే ఉంటాను.

మీ తాతయ్య