పొడి పని, తడి పని

నా బల్ల మీద పాత బ్రేక్ ప్యాడ్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే చక్రానివి, ఒకే రోజు బిగించినవి. ఒకదానికి ఇనుప పలక మీద ఇంకా 7 మిల్లీమీటర్ల పొర మిగిలి ఉంది. రెండోది 2 మిల్లీమీటర్లకు అరిగి అట్టముక్కలా తయారైంది. కారు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మనమే మార్చుకోవచ్చా, షెడ్డుకు తీసుకెళ్లాలా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఈ రెండింటినీ చేతిలో పెడుతున్నాను.

మొదట వినిపించింది చప్పుడు. కాలువ గట్టు మీద గేదెల మందకు దారి ఇద్దామని బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు ఎడమ చక్రం నుంచి సన్నగా కీచుమనేది. అది కావాలని పెట్టిన చప్పుడే. కొత్త ప్యాడ్ మీద రాపిడి పొర 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్ల దరిదాపులకు వచ్చాక, చాలా ప్యాడ్లకు అమర్చి ఉండే చిన్న రేకు ముక్క, చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కుకు తగిలి అరుస్తుంది. ఆ అరుపును పట్టించుకోకపోతే కొన్నాళ్లకు గరగర మొదలవుతుంది. అంటే ఇనుము మీద ఇనుము రాసుకుంటోంది, ప్యాడ్‌తో పాటు డిస్కు ఖర్చు కూడా మన నెత్తిన పడబోతోంది అని అర్థం. కోనసీమలో తెల్లవారి కారు తీయగానే వినిపించే గరగర మాత్రం వేరు. డిస్కు పోత ఇనుముతో చేసింది కాబట్టి రాత్రి తేమకు పైన తుప్పు పడుతుంది. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే తుడిచిపెట్టుకుపోతుంది.

బ్రేకు చేసే పని కదలికను వేడిగా మార్చడం. కారు, అందులోని మనుషులు కలిపి 1200 కిలోలు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ బరువుకుండే శక్తి దాదాపు 3 లక్షల జౌళ్లు. లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి కావలసిన వేడి అంతే. గ్యాస్ పొయ్యి నిమిషాల తరబడి చేసే పనిని బ్రేకులు నాలుగైదు సెకన్లలో ముగిస్తాయి. ఆగేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది కనుక ఇందులో సుమారు 70 శాతం ముందు చక్రాల వాటా. ముందు డిస్కులు ఒక్కొక్కటి 5 కిలోలైతే, ఒక్కసారి ఆపినందుకే రెండూ 45 డిగ్రీల మేర వేడెక్కుతాయి. కాలువ గట్టు మీద 40లో వెళ్తే ఈ లెక్క నాలుగో వంతుకు పడిపోతుంది. డెల్టా బల్లపరుపు నేల కదా, ఇక్కడ బ్రేకులకు పరీక్ష తక్కువ. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు సంగతి వేరు. 300 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగితే, అది 80 వేగంలో పన్నెండుసార్లు ఆపిన దానితో సమానం, చల్లారే వ్యవధి పెద్దగా ఉండదు.

కాలి బలం చక్రానికి చేరేది పైపుల్లోని ద్రవం ద్వారా. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ఒత్తిడి పెంచితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇక్కడ ఆధారం. పెడల్ మీద 20 కిలోల బలం పెడితే, మీట లాంటి దాని అమరిక వల్ల 80 కిలోలవుతుంది. అది 2 సెంటీమీటర్ల వ్యాసమున్న చిన్న పిస్టన్‌ను తోస్తే, చక్రం దగ్గర 5 సెంటీమీటర్ల పిస్టన్ మీద 500 కిలోలుగా తేలుతుంది. ఇంజిన్ సాయంతో పనిచేసే బూస్టర్ అందించే బలం దీనికి అదనం.

ఆ ద్రవాన్ని బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. నూనె అనుకుని ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు ఉబ్బి బ్రేకులే పోతాయి. దానికి ఇంకో గుణముంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, బుడగ నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది, కారు మాత్రం ఆగదు. ఏడాది పొడుగునా ఉక్కపోసే మాలాంటి చోట రెండేళ్లకోసారి దాన్ని మార్పించాలన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు.

నేను గీసుకున్న గీత ఇక్కడే. ప్యాడ్లు మార్చడం పొడి పని. పైపు విప్పనక్కర్లేదు, చుక్క ద్రవం కారనక్కర్లేదు. పానాలు పట్టడం అలవాటున్న మనిషి ఒక పూటలో చేయగలడు. పైపు విప్పాల్సి వచ్చినా, ఎక్కడైనా తడి కనిపించినా అది తడి పని. లోపల గాలి చేరితే తీయడానికి ఇద్దరు మనుషులు, అనుభవం కావాలి. నేను దాని జోలికి పోను.

పొడి పనిలోనూ ప్రాణం తీసేది బ్రేకు కాదు, జాకీ. ముందు మూల ఒకటి లేపితే జాకీ మీద 300 కిలోలకు పైగా బరువు పడుతుంది, దాని అడుగు చూస్తే అరచేయంత. మనిషి నిలబడినప్పుడు పాదం కింద పడే ఒత్తిడికి అది పది రెట్లకు పైనే. మా నేల గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. వానాకాలంలో మనిషి కాలే చీలమండ దాకా దిగుతుంది, ఇక జాకీ సంగతి చెప్పాలా? మొదటిసారి పెరట్లో మొదలుపెట్టి, జాకీ తిప్పుతున్నకొద్దీ కారు లేవకుండా జాకీయే భూమిలోకి పోతుంటే ఆపేశాను. తలెత్తి చూస్తే పైన కొబ్బరి గెల. ఆ తరువాత ఎప్పుడు చేసినా ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం మీదే. వెనక చక్రాలకు అడ్డంగా దుంగలు, జాకీకి తోడుగా కదలని ఇనుప స్టాండు. అవి లేని ఇంట్లో ఈ పని వద్దు.

మిగతాది తేలికే. చక్రం తీసి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టులు విప్పి, దాన్ని తీగతో పైకి కట్టాలి. రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకూడదు. ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదకూడదు. పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కి, కొత్త ప్యాడ్లు పెట్టి బిగించాలి. ప్యాడ్లు ఎడమ, కుడి చక్రాలు రెండింటికీ ఒకేసారి మార్చాలి. కారు కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడే దాకా పదేపదే తొక్కాలి. ఇది మరిస్తే మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు ఆనుతుంది, బ్రేకు పడదు.

కిందటిసారి నేను అంతా ఇలాగే చేశాను. ఈసారి ఎడమ చక్రం విప్పితే బల్ల మీదున్న ఈ జత బయటపడింది. లోపలి ప్యాడ్ అరిగిపోయింది, బయటిది అలాగే ఉంది. పిస్టన్ ఒకవైపే ఉండే ఈ రకం కాలిపర్ లోపలి ప్యాడ్‌ను నేరుగా నొక్కుతుంది. ఆ విసురుకు కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారితేనే బయటి ప్యాడ్ డిస్కును తాకుతుంది. పిన్నులను చేత్తో లాగి చూశాను. కిందిది వచ్చింది. పైది కదల్లేదు.

కొత్త ప్యాడ్లు పెట్టేసి చక్రం బిగించుకోవచ్చు. కీచుమనడం ఆగిపోతుంది. కానీ ఆ జత కూడా ఇలాగే ఒకవైపు అరిగిపోతుంది. పాతవే తిరిగి పెట్టి మెల్లగా షెడ్డుకు నడిపాను.

మెకానిక్ పిన్ను చుట్టూ వేడి చేసి, మెలితిప్పి బయటికి లాగాడు. కొనదాకా గోధుమరంగు తుప్పు. రబ్బరు తొడుగు చిరిగి లోపలికి ఉప్పుగాలి చేరింది.

"సముద్రం మీ ఊరికి ఎంత దూరమండి?"

"పది కిలోమీటర్లు ఉంటుంది."

"అయితే ఏడాదికోసారి చక్రం విప్పి వీటికి గ్రీజు పెట్టండి. మామూలు గ్రీజు కాదు, రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్‌ది." కొత్త పిన్నులు, కొత్త తొడుగులు వేసి, సగం మిగిలిన ట్యూబు నా చేతిలో పెట్టాడు. "దానికి నా దాకా రానక్కర్లేదండి, మీరే చేసుకోవచ్చు."