షాంపూ కంటే ముందు నీళ్లు చూడండి

చిరంజీవులకు,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. సెలవులకు అనంతపురం వచ్చిన ప్రతిసారీ మీలో ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడిగే మాట ఒకటే: "పెద్దమ్మా, వెంట్రుకలన్నీ ఊడిపోతున్నాయి, ఏ షాంపూ పెట్టేది?" ఫోన్లో నాలుగు ముక్కల్లో చెప్తే తేలే విషయం కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. బళ్లో సైన్సు చెప్పినదాన్ని కాబట్టి కారణాలతో సహా చెప్తాను. నిదానంగా చదవండి.

షాంపూ పేరు చెప్పేముందు నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు తలకు పోసుకునేవి ఏ నీళ్లు? అనంతపురంలో మున్సిపాలిటీ కొళాయికి పెన్నా నది మీది పీఏబీఆర్ డ్యామ్ నీళ్లు వస్తాయి. కర్నూలు వాళ్లకు తుంగభద్ర ఉంది. అవి నయం. హాస్టళ్లలో, అపార్టుమెంట్లలో, ఊరి చివర కొత్త కాలనీల్లో మాత్రం ఎక్కువగా బోరు నీళ్లే. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందుకే బోర్లు అంతంత లోతుకు పోయాయి. ఆ లోతున రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగా కరిగి ఉంటాయి. తాగే నీళ్లలో ఈ లవణాల మోతాదు, అంటే కాఠిన్యం, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణాలు చెప్తాయి. మన వైపు బోర్లలో చాలావాటికి ఆ 200 ఎప్పుడో దాటిపోయింది.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబుకు పోనక్కర్లేదు. ఒక ఖాళీ నీళ్ల బాటిల్లో సగం దాకా బోరు నీళ్లు పట్టి, ఒంటి సబ్బు చాకుతో చెక్కి చిటికెడు పొట్టు వేసి, మూత పెట్టి గట్టిగా ఊపండి. మంచి నీళ్లయితే పైన నురగ దట్టంగా నిలుస్తుంది, కింద నీళ్లు తేటగా ఉంటాయి. కఠిన జలమైతే నురగ నిమిషంలో చచ్చిపోయి, నీళ్లు పాలలా తెల్లబారి, పైన మీగడలాగా తెట్టు కడుతుంది. పక్కన ఇంకో బాటిల్లో డ్యామ్ నీళ్లో, వాన నీళ్లో పోసి అదే పని చేస్తే తేడా మీకే కనబడుతుంది. హాస్టల్లో నీళ్లు కాచే హీటరు రాడ్డు మీద పేరుకునే తెల్లటి పెచ్చు కూడా ఆ లవణాలదే.

ఆ తెట్టే మీ తల మీదా పడుతుంది. వెంట్రుక పైపొర పెంకుటింటి పైకప్పులా ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నటి పొలుసులతో ఉంటుంది. సబ్బులో ఉండే క్షారానికి ఆ పొలుసులు లేచి నిలబడతాయి, సందుల్లో తెట్టు చేరుతుంది. ఇక జుట్టు పీచులా, దువ్వెన దిగనట్టు తయారవుతుంది. అందుకే మగపిల్లలకు ప్రత్యేకంగా చెప్తున్నా: ఒంటికి రుద్దుకున్న సబ్బే తలకూ రుద్దుకునే అలవాటు ఈరోజే మానేయండి. షాంపూ సబ్బు కాదు, బోరు నీళ్లలో అది అంత తెట్టు కట్టదు. అయినా లవణాలు కొంచెం కొంచెంగా పేరుకుంటూనే ఉంటాయి.

దీనికి నేను చెప్పే ఉపాయం చాలా చిన్నది. తలంటు మొత్తం బోరు నీళ్లతోనే కానివ్వండి, చివరి రెండు చెంబులు మాత్రం కొళాయి నీళ్లో, వాన నీళ్లో పోసుకోండి. అవీ దొరక్కపోతే బోరు నీళ్లనే తెర్లకాచి, చల్లార్చి, అడుగున తెల్లగా పేరుకున్నది కదలకుండా పై తేట వంచుకోండి. కాఠిన్యం పూర్తిగా పోదు కానీ కొంత అడుగున ఉండిపోతుంది. నెలకు ఒకటి రెండు సార్లు చెంబు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి జుట్టుకు పట్టించి, తర్వాత మామూలు నీళ్లతో కడిగేస్తే పేరుకున్నది వదులుతుంది. కళ్లలో పడకుండా చూసుకోండి.

ఇప్పుడు ఊడడం సంగతి. మీరు భయపడేది దీనికే కదా. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను పారేయకుండా ఒక తెల్ల కాగితం మీద పెట్టి, వెలుతురులో కొసలు చూడండి. ఒక కొసన ఆవగింజలో సగమైనా లేనంత తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే అది మధ్యలో తెగింది. తెగడం బయటి సంగతి: బోరు నీళ్లు, తడి తలను గట్టిగా దువ్వడం, జడ మరీ బిగించడం, స్ట్రెయిటెనింగ్ వేడి. కుదురు నుంచి ఊడడం లోపలి సంగతి, దాన్ని ఏ షాంపూ ఆపలేదు.

రోజుకు 50 నుంచి 100 దాకా ఊడడం మామూలే. తల మీద దాదాపు లక్ష ఉంటాయి, ఊడిన చోట మళ్లీ మొలుస్తాయి. వారానికి ఒకసారే తలకు పోసుకునేవాళ్లకు అన్ని రోజులవీ ఆ ఒక్కరోజే చేతికి వచ్చి గుండె జారిపోతుంది, అంతే. అలా కాకుండా ఉన్నట్టుండి కుచ్చులు కుచ్చులుగా వస్తుంటే రెండు మూడు నెలలు వెనక్కు వెళ్లి ఆలోచించండి. డెంగీయో టైఫాయిడో వచ్చిందా? పరీక్షల టెన్షన్‌లో తిండి మానేశారా? సన్నబడాలని కడుపు మాడ్చుకున్నారా? అప్పటి దెబ్బ ఇప్పుడు తల మీద కనబడుతుంది. కారణం పోతే కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వస్తుంది. ఈలోగా మూడు రకాల షాంపూలు మార్చినవాళ్లు చివరి షాంపూ వల్లే తగ్గిందనుకుంటారు!

ఆడపిల్లలూ, మీకు ఇంకొక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఐరన్ తక్కువైతే జుట్టు పలచబడవచ్చు. ఆరు వందలు పెట్టి సీసా కొనేముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి, డాక్టరు చెప్తే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే పరీక్ష), థైరాయిడ్ కూడా. ఇంట్లో ఉలవలు, మునగాకు, చెనిక్కాయలు, రాగి సంగటి ఉండగా హాస్టల్ గదిలో బిస్కెట్లతో రాత్రి గడిపేయకండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, గంటసేపు ఆగండి.

ఇక సీసా ఎంపిక. షాంపూ మాడుకు, కండిషనర్ కొసలకు. ఈ ఒక్కటి గుర్తుంటే సగం అయోమయం తీరుతుంది. మాడు జిడ్డుగా ఉంటే మామూలు షాంపూతో రోజు మార్చి రోజు పోసుకున్నా తప్పు లేదు. మన ఎండలకు, దుమ్ముకు, హెల్మెట్ కింద చెమటకు వారానికి ఒక్క తలంటు చాలామందికి చాలదు. మాడు పొడిబారి, జుట్టు ఉంగరాలు తిరిగి ఉంటే వారానికి ఒకటి రెండు సార్లు చాలు, నురగ తెచ్చే సల్ఫేట్ లేని షాంపూ మెత్తగా ఉంటుంది. సల్ఫేట్ విషమేమీ కాదు, జిడ్డును కొంచెం గట్టిగా లాగేస్తుంది, అంతే. బోరు నీళ్ల వాళ్లు వెనక లేబుల్ మీద ఇడిటిఏ అనే పేరు ఉందేమో చూడండి, అది లవణాలను పట్టి ఉంచే పదార్థం. ముందువైపు ఉల్లిపాయ, బయోటిన్ బొమ్మలకు మాత్రం డబ్బు ధారపోయకండి. రెండు నిమిషాల్లో కడిగేసేది కుదురులోకి వెళ్లి మేలు చేస్తుందని నేను నమ్మను. షాంపూను నేరుగా నెత్తిన కుమ్మరించకండి. అరచేతిలో నీళ్లతో కలిపి, వేళ్ల మొనలతో మాడుకు రుద్దండి, గోళ్లతో వద్దు. కిందికి జారే నురగే జడకు చాలు.

కుంకుడుకాయ, సీకాయ మంచివే. వాటిలో నురగ తెచ్చే సపోనిన్లు జిడ్డును బాగా వదిలిస్తాయి. కుంకుళ్లు కొట్టి, గింజ తీసి, వేడి నీళ్లలో నానబెట్టి, పిసికి వడకట్టుకోండి. పొడి జుట్టుకు తరచూ వాడితే ఇంకా ఎండిపోతుంది. ప్రకృతిదైనంత మాత్రాన అందరికీ పడాలని లేదు.

నూనె ముచ్చట క్లుప్తంగా. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. తలంటుకు ఒకటి రెండు గంటల ముందు పెడితే చాలు. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం మాడుకు నూనె పెట్టకండి. చుండ్రుకు మలసీజియా అనే శిలీంధ్రానికి సంబంధం ఉంది, అది బతికేదే జిడ్డు మీద. అమ్మ ఎంత ప్రేమగా రాసినా సరే, కొన్నాళ్లు వద్దని చెప్పండి. మందుల షాపులో దొరికే కీటోకోనజోల్ 2 శాతం షాంపూను వారానికి రెండుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు తల మీద ఉంచి కడగండి. రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పట్టాలి. పెట్టీ పెట్టగానే కడిగేసి పనిచేయలేదంటే లాభం లేదు.

తిరుమలలోనో కదిరిలోనో మొక్కు ఉంటే తలనీలాలు భక్తితో ఇవ్వండి. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న ఆశతో వద్దు. కత్తి కోసిన కొస మొద్దుగా ఉండి ఒత్తుగా అనిపిస్తుందే తప్ప కుదుళ్ల సంఖ్య పెరగదు.

రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు పోతే, దాన్ని పేనుకొరుకుడు అంటారు, పేలకూ దానికీ సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున కుదుళ్ల మీద పడడం వల్ల వచ్చేది అది. ఆకు పసర్లు రుద్ది పుండు చేసుకోకండి. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి, ఒక్కరే వెళ్లడానికి బెరుకుగా ఉంటే నాకు చెప్పండి, తోడు వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
అనంతపురం