మద్రాసు వీధుల్లో కరెంటు బండి

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి "ట్రాం అంటే బస్సా, రైలా?" అని అడిగింది. సగం అది, సగం ఇదీనమ్మా. బస్సులా రోడ్డు మీద జనం మధ్యే పోతుంది, కానీ రోడ్డులో పాతిన పట్టాల మీద నడుస్తుంది. నా చిన్నప్పుడు మేం మద్రాసులో ఉండేవాళ్లం. ఆంధ్ర జిల్లాలకి అప్పుడు అదే రాజధాని.

అక్కడ 1895 మే 7న కరెంటు ట్రాం మొదలైంది. మన దేశంలో అదే మొదటిది. కలకత్తాలో 1873లోనే ట్రాం వచ్చింది గానీ, దాన్ని గుర్రాలు లాగేవి. లండన్లో కూడా కరెంటు ట్రాములు 1901 దాకా రాలేదు.

ఇంతకీ బండికి కరెంటు ఎలా అందేది? మద్రాసులో మొదట పైన తీగ లేదు. పట్టాల మధ్య రోడ్డులో సన్నటి సందు, దాని కింద కాలవ, అందులో కరెంటు కడ్డీలు. బండి అడుగునుంచి ఒక బద్దలాంటిది సందులోకి దిగి కడ్డీలను రాసుకుంటూ పోయేది. తెలివైన ఏర్పాటే! కానీ కార్తీకమాసంలో మద్రాసు వానలు మీకు తెలియవు. కాలవ నిండా నీళ్లు చేరితే ఇంకేం కరెంటు? కొన్నేళ్లకే అది మానేసి, స్తంభాలు పాతి పైన తీగ లాగారు. 1921 నాటికి 24 కిలోమీటర్ల దారిలో 97 బండ్లు తిరిగేవి.

నేను ఎక్కింది ఆ తీగ బండే. కప్పు మీద పొడవాటి కర్ర, దాని కొసన తీగని అంటుకుని చిన్న చక్రం. దారి చివర బండి వెనక్కి తిరగదు, కర్రనే తిప్పుతారు. కండక్టరు తాడు పట్టుకుని కర్రని కిందికి లాగి, బండి చుట్టూ నడిచి, రెండో వైపు తీగకి ఆనించేవాడు. ఠప్పుమని నీలం నిప్పురవ్వ లేచేది. దానికోసమే మా నాన్న చెయ్యి వదిలించుకుని పరిగెత్తేవాణ్ణి.

తర్వాత బస్సులు పెరిగాయి, ట్రాం కంపెనీ నష్టాల్లో పడింది. 1953 ఏప్రిల్ 12 రాత్రితో బండ్లు ఆగిపోయాయి. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, నాన్న ఉద్యోగం కర్నూలుకి మారింది. అక్కడ ఆఫీసులు గుడారాల్లో ఉండేవి. ఊళ్లో దిగగానే నేను మాత్రం తలెత్తి, రోడ్డు పైన తీగ ఎక్కడుందా అని వెతికాను.

మీ తాతయ్య