మాక్‌బెత్‌ను బైబిల్ పక్కన పెట్టుకుని చదవడం: అపోహలు – వాస్తవాలు

క్రైస్తవ యాజమాన్యం నడిపే డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ సాహిత్యం చెబుతాను. మా క్లాసులో చర్చికి వెళ్లే పిల్లలూ ఉంటారు, గుడికీ మసీదుకీ వెళ్లేవాళ్లూ ఉంటారు. షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ మొదలుపెట్టే ముందు ప్రతి బ్యాచ్‌లోనూ కొన్ని మాటలు వినిపిస్తాయి. రాజువవుతావని ముగ్గురు మంత్రగత్తెలు జోస్యం చెబితే, స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్ తన రాజు డంకన్‌ను చంపి గద్దె ఎక్కే కథ అది. తల్లిదండ్రులు కొన్ని అంటారు, పాస్టర్లు కొన్ని, తోటి లెక్చరర్లు మరికొన్ని. వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: మంత్రగత్తెలున్న నాటకం విశ్వాసుల పిల్లలకు ఎందుకు?

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. షేక్‌స్పియర్ కాలంలో మంత్రగత్తెలంటే కట్టుకథ కాదు. తర్వాత ఇంగ్లండ్‌కు రాజైన జేమ్స్, స్కాట్లండ్‌ను ఏలుతుండగానే 1597లో దయ్యాల విద్య మీద పుస్తకం రాశాడు. ఆయన ఇంగ్లండ్ గద్దె ఎక్కాక 1604లో మంత్రవిద్య మీద కఠినమైన చట్టం వచ్చింది. ఈ నాటకం 1606 ప్రాంతంలోది. ఇందులో చెడుకు ఎక్కడా మెప్పు లేదు. ఆ ముగ్గురు మంత్రగత్తెల జోస్యంలో ఒకటి నిజమవగానే మాక్‌బెత్ తోటి సేనాని బాంకో హెచ్చరిస్తాడు: చీకటి శక్తులు చిన్న చిన్న నిజాలు చెప్పి నమ్మించి, అసలైన చోట మోసం చేస్తాయని.

బైబిల్లో మొదటి సమూయేలు 28లో సౌలు రాజు మారువేషంలో, రాత్రివేళ, చనిపోయినవారిని పిలిపించే ఏన్దోరు స్త్రీ దగ్గరికి వెళ్తాడు. ఆ అధ్యాయం పిల్లలు చదవకూడదని ఎవరూ అనరు. నాలుగో అంకంలో మాక్‌బెత్ కూడా తనంతట తానే మంత్రగత్తెలను వెతుక్కుంటూ వెళ్తాడు. సౌలుకు అక్కడ తన చావు కబురు సూటిగా వినిపించింది. మాక్‌బెత్‌కు మాత్రం ఇక తనకేమీ కాదన్న ధీమా దొరికింది. ఏది ఎక్కువ భయంకరం? ఈ ప్రశ్న వేసి నేను పక్కకు తప్పుకుంటాను, పీరియడ్ అంతా పిల్లలే మాట్లాడతారు.

అపోహ: అంతా తలరాత. జోస్యం చెప్పారు, జరిగింది.

రాజువవుతావని చెప్పారు. చంపమని ఎవరూ చెప్పలేదు. తన ప్రయత్నం లేకుండానే కిరీటం రావచ్చని మాక్‌బెతే మొదట అనుకుంటాడు. బాంకోకూ జోస్యం దక్కింది, వంశం రాజులవుతుందని. అయినా రాత్రిపూట పాడు ఆలోచనలు రాకుండా కాపాడమని దైవాన్ని వేడుకుంటాడు. మొదటి అంకం ఏడో రంగంలో, డంకన్‌ను ఎందుకు చంపకూడదో మాక్‌బెత్ తనే లెక్క చెబుతాడు: బంధువు, రాజు, పైగా ఇంటికొచ్చిన అతిథి, నెమ్మదస్తుడు. ఈ పని ఇంతటితో ఆపేద్దామని భార్యతో అంటాడు కూడా. బైబిల్లోని యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో 'దురాశ గర్భము ధరించి పాపమును కనగా, పాపము పరిపక్వమై మరణమును కనును' అని ఉంది. ఆ మాట చదివి, గర్భం ధరించడం నాటకంలో ఎక్కడ, కనడం ఎక్కడ అని గీతలు గీయమంటాను. ఒక్కొక్కరు ఒక్కో చోట గీస్తారు. గీసినవాళ్లు కారణం చెప్పాలి.

అపోహ: లేడీ మాక్‌బెత్ హవ్వ లాంటిది, తప్పంతా ఆమెదే.

ఆమె వేదిక మీదికి రాకముందే మాక్‌బెత్ మనసులో హత్య ఊహ మెదిలింది, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భార్య మీదికి తోసేయడం ఆదికాండము 3లో, వద్దన్న పండు తిని హవ్వే ఇచ్చిందన్న ఆదాము సాకే. దేవుడు ఆ సాకును ఒప్పుకోలేదు.

అపోహ: క్రైస్తవ కోణం అంటే 'పాపమువలన వచ్చు జీతము మరణము' అని ఒక్క ముక్కలో తేల్చేయడం.

ఇది మన క్లాసుల్లోనే ఎక్కువ జరుగుతుంది, నాకు బాధ కలిగించేదీ ఇదే. డంకన్ ఏ పాపానికి చచ్చాడు? మాక్‌బెత్‌కు ఎదురు తిరిగిన ప్రభువు మక్డఫ్ కొడుకు ఏం చేశాడు? నాలుగో అంకం రెండో రంగంలో ఆ పిల్లవాడు తల్లితో ముద్దుముద్దుగా వాదిస్తూ ఉండగానే హంతకులు వస్తారు. తన వాక్యానికి అడ్డొస్తుందని ఈ రంగాన్ని వదిలేసే టీచర్ నాటకాన్నే కాదు, బైబిల్‌నూ కుదించేస్తున్నాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావారికంటే పాపులనుకుంటున్నారా అని లూకా 13లో యేసే అడుగుతాడు.

భార్యాపిల్లలను చంపేశారన్న కబురు అందాక మక్డఫ్ అడిగే ప్రశ్న ఇంకా పదునైనది: ఆకాశం చూస్తూ ఊరుకుందా, వాళ్ల పక్షాన నిలబడలేదా? వెంటనే, వాళ్లు తన పాపాలకే బలయ్యారని తన్ను తానే నిందించుకుంటాడు. మగాడిలా తట్టుకోమని డంకన్ కొడుకు మాల్కమ్ అంటే, తట్టుకుంటాను, కానీ మనిషిగా ఏడవాలి కూడా కదా అంటాడు. ఇక్కడ నేను జవాబు చెప్పను. బైబిల్లో యోబు గ్రంథమూ కీర్తనలూ ఇలాంటి మొరలతోనే నిండి ఉన్నాయని గుర్తుచేస్తాను. ఏడ్చే మనిషి దగ్గర తొందరపడి వాక్యం వల్లించకుండా ఉండటమూ నీతి పాఠమేనని నా నమ్మకం.

అపోహ: మాక్‌బెత్ అంత కుమిలిపోయాడంటే పశ్చాత్తాపపడినట్టే.

నాటకానికి గుండెకాయ ఇక్కడుంది. హత్య చేసి వచ్చిన మాక్‌బెత్ భార్యతో చెబుతాడు: నిద్రలో ఉలిక్కిపడి లేచిన ఇద్దరిలో ఒకడు దేవుడు మనల్ని దీవించుగాక అన్నాడు, రెండోవాడు ఆమెన్ అన్నాడు, నాకు మాత్రం ఆమెన్ గొంతులోనే ఆగిపోయింది, దీవెన అందరికంటే నాకే అవసరమైనప్పుడు. అంత భయం, అంత వేదన. అయినా ఆ తర్వాత అతను ప్రార్థించడం నాటకంలో ఎక్కడా కనిపించదు. మూడో అంకానికి వచ్చేసరికి, రక్తంలో ఇంత దూరం దిగాక వెనక్కి రావడమూ ముందుకు పోవడమంత కష్టమే అంటాడు, ముందుకే పోతాడు.

ఇతని పక్కన ఇద్దరిని నిలబెట్టి చూడాలి. ఒకడు కాడర్ ప్రభువు, మొదటి అంకంలో మరణశిక్ష పడిన దేశద్రోహి. చచ్చే ముందు తప్పు ఒప్పుకుని, రాజును క్షమాపణ వేడుకుని, నిండు మనసుతో పశ్చాత్తాపపడ్డాడని మాల్కమ్ చెబుతాడు. అతని బిరుదే మాక్‌బెత్‌కు వచ్చింది. అతని ముగింపు రాలేదు. రెండోవాడు షేక్‌స్పియర్ మరో నాటకం హామ్లెట్‌లో అన్నను చంపి రాజైన క్లాడియస్. మోకాళ్లూని, చంపి సంపాదించిన కిరీటాన్నీ రాణినీ అట్టిపెట్టుకునే క్షమాపణ పొందవచ్చా అని అడుగుతాడు. కుదరదని తనకే తెలుసు.

యేసు శిష్యుల్లో ఆయన్ను ఎరుగనన్న పేతురూ, ఆయన్ను పట్టించిన యూదా ఇద్దరూ కుమిలిపోయారు. వెండి నాణేలు తిరిగి ఇచ్చినవాడు యూదా, అయినా అతను ఉరి దగ్గరికి వెళ్లాడు. పేతురు ఏడ్చి, తిరిగి తోటి శిష్యుల మధ్యకు వచ్చాడు. రెండో కొరింథీయులు 7:10 ఈ రెండు రకాల దుఃఖాల గురించే: ఒకటి మారుమనస్సుకు నడిపేది, మరొకటి మరణానికి. లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ చేతులు కడుక్కుంటుంటే, ఈమెకు వైద్యుడి కంటే దైవసేవకుడి అవసరమే ఎక్కువ అంటాడు డాక్టర్. వెంటనే దేవుడు మనందరినీ క్షమించుగాక అంటాడు. 'ఆమెను' అనడు, 'మనందరినీ' అంటాడు. ఆ వరుస చదివిన రోజు ఆమెను తిట్టుకుంటూ వచ్చిన పిల్లలు కూడా కాసేపు మాట్లాడరు.

అపోహ: షేక్‌స్పియర్ కింగ్ జేమ్స్ బైబిల్ చూసి, మత బోధ కోసం ఇది రాశాడు.

కింగ్ జేమ్స్ బైబిల్ 1611లో వచ్చింది, నాటకం అంతకంటే ముందుది. అప్పటికి ఇంగ్లండ్‌లో జెనీవా బైబిల్, బిషప్స్ బైబిల్ అనే ముందటి ఇంగ్లీష్ అనువాదాలు చదివేవారు. బోధ సంగతికొస్తే, షేక్‌స్పియర్‌కు నీతి చెప్పే ఉద్దేశమే లేనట్టుందని 1765లో విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ తప్పుపట్టాడు. జాన్సన్ గట్టి క్రైస్తవుడు.

అపోహ: ఇతర మతాల పిల్లలకు ఇది అన్యాయం, పైగా పరీక్షలో పనికిరాదు.

టెన్షన్ పడాల్సింది లేదు. మీరేం నమ్ముతారో రాయమని నేను అడగను. ఆ నాటకం చూసినవాళ్లు పాపం, క్షమ, నరకం గురించి ఏం నమ్మేవారో తెలియకపోతే, ఆమెన్ గొంతులో ఆగడం అంత పెద్ద విషయం ఎందుకో ఏ మతం విద్యార్థికీ అర్థం కాదు. జవాబులో ముందు అంకం, రంగం, పాత్ర అన్న మాట రాయండి. దాని పక్కన బైబిల్ పోలిక, అది ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు. కుదరని చోటు చూపించినవాళ్లకు నేను మార్కులు తగ్గించను. వాక్యం మాత్రమే రాసి నాటకం రాయనివాళ్లకు తగ్గిస్తాను.