కాంక్రీటు బరువంతా ఎక్కడిది?

వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 5 అంగుళాల మందంతో స్లాబ్ వేస్తే, ఆ స్లాబ్ ఒక్కటే దాదాపు 29 టన్నులు తూగుతుంది. దూలాలు, పిల్లర్లు, గోడలు ఈ లెక్కలో లేవు. నాలుగు వందల మందికి పైగా ఒకేసారి మిద్దెక్కి నిలబడ్డంత బరువది. ఇంట్లో మనుషులు, మంచాలు, బీరువాలు అన్నిటికీ కలిపి ఇంజనీర్లు చదరపు అడుగుకు 19 కిలోల దాకా లెక్క కడతారు. స్లాబ్ సొంత బరువేమో అడుగుకు 29 కిలోలు. మన కంటే, మన సామాన్ల కంటే ముందు కప్పు తనను తానే మోసుకోవాలి.

మన దేశంలో కాంక్రీటు పనికి ప్రామాణికమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు కాంక్రీటు బరువు ఘనపు మీటరుకు 24 కిలోన్యూటన్లు (అంటే 2,400 కిలోల పైచిలుకు), లోపల స్టీలు ఉంటే 25. సైటు భాషలో చెప్పాలంటే ఘనపుటడుగు 70 కిలోలు, కొంచెం అటూ ఇటూగా.

ఈ బరువు సిమెంటుదే అనుకుంటాం. కానీ ఇళ్లకు వాడే ఎం25 మిశ్రమంలో (ఎం పక్కన అంకె దాని బలాన్ని చెబుతుంది), ఘనపు మీటరుకు రమారమి 1,150 కిలోల కంకర, 700 కిలోల ఇసుక, 350 కిలోల సిమెంటు, 180 కిలోల నీళ్లు ఉంటాయి. నాలుగింట మూడొంతులకు పైగా రాయీ ఇసుకే. కాబట్టి బరువును తేల్చేది క్వారీ. మన దగ్గర ఎక్కువగా దొరికే గ్రానైటు కంకర నీటికంటే 2.65 రెట్లు బరువు. బసాల్టు అయితే 2.9 దాకా ఉంటుంది. కంకర మారిందంటే చాలు, ఘనపు మీటరుకు వంద కిలోల తేడా రావచ్చు. స్టీలు నీటికంటే 7.85 రెట్లు బరువైనా, కాంక్రీటు పరిమాణంలో దాని వాటా సాధారణంగా ఒకటి రెండు శాతమే. అందుకే అది చేర్చే బరువు మనం ఊహించుకున్నంత ఉండదు.

నీళ్లు ఆరిపోతే స్లాబ్ బాగా తేలికవుతుందని కొందరంటారు. పోసిన నీళ్లలో కొంత సిమెంటుతో కలిసి గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. మిగిలిన దాంట్లో కొంత నెలల తరబడి మెల్లగా ఆవిరవుతుంది. ఘనపు మీటరు కాంక్రీటు తూగే రెండు వేల నాలుగు వందల కిలోల్లో పోయేది కొన్ని పదుల కిలోలు.

బరువుంటే బలముంటుందన్నది కూడా నిజం కాదు. ఎం20కీ ఎం60కీ మధ్య బలంలో మూడు రెట్ల తేడా ఉన్నా బరువు దాదాపు ఒకటే. అయితే ఒకే మిశ్రమంలో బరువు తగ్గితే మాత్రం అనుమానించాలి. సైట్లో 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చుల్లో క్యూబులు పోసి ల్యాబుకు పంపుతారు కదా, సరిగ్గా దట్టించిన క్యూబు 8.1 కిలోలు తూగుతుంది. అదే 7.7 కిలోలే ఉంటే లోపల 5 శాతం దాకా గాలి మిగిలిపోయినట్టే. ఆ 5 శాతం ఖాళీ బలాన్ని 30 శాతం దాకా తినేస్తుంది. క్యూబును ప్రెస్‌లో పెట్టి పగలగొట్టక ముందే త్రాసు సగం సంగతి చెప్పేస్తుంది. స్లాబ్ వేసేటప్పుడు, కాంక్రీటును కుదిపి గాలిని బయటికి పంపే వైబ్రేటర్ పట్టమని ఇంజనీరు గొడవ పెట్టేది ఇందుకే.

స్లాబ్ వేసే రోజు అసలు టెన్షన్ సెంట్రింగ్‌ది, అంటే పచ్చి కాంక్రీటును మోసే తాత్కాలిక పలకలు, జాకీలది. కాంక్రీటు గట్టిపడే వరకు దానికి సొంత బలం ఉండదు, బరువంతా జాకీల మీదే. పైగా పంపు నుంచి వచ్చిన సరుకును ఒకేచోట రెండున్నర అడుగుల కుప్పగా పోస్తే, అక్కడ చదరపు అడుగుకు 170 కిలోలు పడతాయి. అంటే స్లాబ్ బరువుకు ఆరు రెట్లు. కాంక్రీటు పోసేటప్పుడు సెంట్రింగ్ కూలిందన్న వార్త చదివితే, నాకు ముందు తట్టేది ఈ కుప్ప, దాని కింద బలహీనమైన జాకీలు.

బరువు తగ్గించే కిటుకు రోమన్లకు బాగా తెలుసు. సుమారు 1,900 ఏళ్ల కిందట రోమ్‌లో కట్టిన పాంథియాన్ గుడి గుమ్మటం 43 మీటర్ల వెడల్పు. అందులో స్టీలు లేదు. అడుగున బరువైన రాయి కలిపి, పైకి పోయేకొద్దీ తేలికైన అగ్నిపర్వతపు రాయి, చివరకు రంధ్రాలున్న ప్యూమిస్ వాడారు. ఇప్పుడు గోడలకు పెడుతున్న ఏఏసీ దిమ్మెల్లో (గాలి బుడగలతో నిండిన తేలిక కాంక్రీటు దిమ్మెలు) ఆ పని అల్యూమినియం పొడి చేస్తుంది. సున్నంతో కలిసి వాయువు పుట్టించి పిండిని పొంగిస్తుంది. అవి ఘనపు మీటరుకు 600 కిలోల చుట్టూ ఉంటాయి, ఎర్ర ఇటుక బరువులో మూడో వంతు.

అన్నిచోట్లా తేలికదనమే కావాలని లేదు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ ఇచ్చే గదులకు బరువే రక్షణ. కిరణాల్ని ఆపేది ప్రధానంగా గోడలో ఉన్న పదార్థం బరువు. మామూలు కాంక్రీటుతో కడితే కిరణపుంజం నేరుగా తగిలే గోడ మందం 2 మీటర్లు దాటవచ్చు. కంకర బదులు ముగ్గురాయి (బెరైటీస్ అనే బరువైన ఖనిజం) వేస్తే కాంక్రీటు ఘనపు మీటరుకు 3,500 కిలోల దాకా తూగుతుంది, గోడ పలచబడుతుంది. ఈ ఖనిజానికి ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి రాయలసీమలోని మంగంపేటలోనే ఉంది. అక్కడి సరుకులో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలోకి పోతుంది. ముగ్గురాయి కాంక్రీటుకు ఖర్చెక్కువ కాబట్టి, స్థలం ఉన్నచోట ఆసుపత్రులు మామూలు కంకరతోనే గోడను లావుగా పోయించుకుంటాయి.