ఒక కన్ను మూస్తే రెండో కన్ను ఏం చేస్తుంది?

మెల్లకన్ను పరీక్షకి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. నల్ల ప్లాస్టిక్ గరిటె లాంటి మూత ఒకటి చాలు. ఎదురుగా గోడ మీది ఒక అక్షరాన్ని చూస్తూ ఉండమంటారు. ఆ మూతతో కుడికన్ను కప్పుతారు. అప్పుడు డాక్టర్ చూసేది కప్పిన కన్నుని కాదు, తెరిచి ఉన్న ఎడమకన్నుని. అది కదలకుండా ఉంటే మొదటినుంచీ అక్షరం మీదే ఉందన్నమాట. చటుక్కున జరిగి అక్షరాన్ని పట్టుకుందంటే, అప్పటిదాకా ఇంకెటో చూస్తోందన్నమాట. బయటి నుంచి ముక్కు వైపు జరిగితే కన్ను బయటికి తిరిగి ఉంది, ముక్కు వైపు నుంచి బయటికి జరిగితే లోపలికి తిరిగి ఉంది. ఆ కదలిక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. చేయి తిరిగిన డాక్టర్‌కి అంతే చాలు.

తర్వాతి అంచెలో మూతని ఒక కంటి మీంచి రెండో కంటి మీదికి మారుస్తూ పోతారు. రెండు కళ్లూ ఒకేసారి తెరుచుకునే అవకాశం ఇవ్వరు. మామూలుగా రెంటినీ ఒకే చోట నిలిపి ఉంచేది మెదడు. ఒకటి మూసేశాక కలపడానికి రెండో బొమ్మే ఉండదు కాబట్టి, మూతకింది కన్ను తనకి హాయిగా ఉన్న చోటికి జారిపోతుంది. చాలామందిలో ఎంతో కొంత జారుడు ఉంటుంది. దాన్ని గుప్త మెల్ల అంటారు. అది జబ్బు కాదు. మెదడు రోజంతా మనకి తెలియకుండానే దాన్ని సర్దుకుంటూ ఉంటుంది. ఆ సర్దుబాటుకి ఓపిక చాలనప్పుడే తలనొప్పి, కళ్లు లాగడం, చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోవడం మొదలవుతాయి.

ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లవాణ్ణి అక్షరాల చార్టు ముందు కూర్చోబెడితే చివరి వరస దాకా గడగడా చదివేస్తాడు. "కళ్లకేం కాలేదు, చదవడానికి బద్ధకం" అని ఇంటికి పంపేస్తారు. చార్టుని ఒక్కో కంటితో విడివిడిగా చదివిస్తారన్న సంగతి ఎవరికీ తట్టదు. 6/6, అంటే పూర్తి చూపు, వచ్చిందంటే ఆ కన్ను ఒంటరిగా బాగా చూస్తోందని మాత్రమే. జత ఎద్దుల్లో రెండూ బలంగానే ఉండొచ్చు, అడుగు కలవకపోతే బండి పక్కకే పోతుంది.

అడుగు కలపడం అంత తేలిక కూడా కాదు. ఒక్కో కంటికి ఆరు కండరాలు, మొత్తం పన్నెండు. వాటిని నడిపే నరాలు అటు మూడు, ఇటు మూడు. కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు కాబట్టి, ఒకే వస్తువు రెండు కళ్లకీ కాస్త తేడాగా కనిపిస్తుంది. ఆ తేడాలోంచే మెదడు లోతుని లెక్కగడుతుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ 1838లో స్టీరియోస్కోప్‌తో నిరూపించాడు. రెండు చదునైన బొమ్మల్ని చెరో కంటికీ చూపిస్తే ఒక దిమ్మె లేచి నిలబడ్డట్టు కనిపించింది.

పైగా కన్ను ఒకచోట నిలిచేది కాదు. మనకి నిజంగా స్పష్టంగా కనిపించేది చూపు నడిమధ్యన కాస్త మేరే, చెయ్యి చాపి చూస్తే బొటనవేలి గోరంత. మిగతాదంతా మసకే. అందుకే కళ్లు సెకనుకి మూడుసార్లు చొప్పున గెంతుతూ ఉంటాయి. చదివేటప్పుడు చూపు వరస వెంట జారుతూ పోతుందనుకుంటాం, నిజానికి అది గెంతి, ఆగి, మళ్లీ గెంతుతుంది. ఈ సంగతి 19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో ఎమిల్ జావల్ అనే కంటి డాక్టర్ ప్రయోగశాల నుంచి బయటికొచ్చింది. గెంతే క్షణంలో మెదడు చూపుని దాదాపు ఆపేస్తుంది. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి మీ ఎడమకన్నుని చూసుకోండి, తర్వాత కుడికన్నుని. కళ్లు కదలడం మీకు కనిపించనే కనిపించదు. పక్కనున్న వాళ్లకి మాత్రం చక్కగా కనిపిస్తుంది.

నరాల డాక్టర్లు పెన్నుకీ తమ వేలికీ మధ్య చూపుని అటూ ఇటూ గెంతించమనేది ఈ గెంతుల్ని చూడటానికే. గెంతు మెల్లగా ఉందా, గురి దాటిపోతోందా, కిందికి గెంతలేకపోతోందా అన్నదాన్నిబట్టి మెదడులో ఏ మూల ఇబ్బంది ఉందో చాలావరకు ఊహించవచ్చు.

ఇప్పుడు చిన్నపిల్లల దగ్గరికి వద్దాం. పెద్దవాళ్లకి హఠాత్తుగా ఒక కన్ను పక్కకి తిరిగితే ఒకటి రెండుగా కనిపిస్తుంది, అల్లాడిపోతారు. మూడేళ్ల పిల్లకి అలా తిరిగితే కొన్నాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు. అదే అసలు ఇబ్బంది. రెండు బొమ్మల గందరగోళం భరించలేక పసి మెదడు ఒక కంటి మాట వినడం మానేస్తుంది. వినక వినక ఆ కన్ను నిజంగానే మందగిస్తుంది. కంటిలో లోపమేమీ కనిపించదు, కళ్లద్దాలు పెట్టినా చూపు ఆనదు. దీన్నే లేజీ ఐ అంటారు. ఆ పేరు నాకు నచ్చదు, బద్ధకం కంటిది కాదు కదా. కన్ను పంపుతూనే ఉంది, మెదడు తీసుకోవడం లేదు. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టన్ వీజెల్ 1960లలో పిల్లికూనల ఒక కంటి రెప్పని కొన్నాళ్లు కుట్టేసి చూశారు. కుట్లు విప్పాక కన్ను బాగానే ఉంది. మెదడులో మాత్రం ఆ కంటి మాట వినే కణాలు దాదాపు మిగల్లేదు. పెద్ద పిల్లికి అలా చేస్తే ఏమీ కాలేదు. చూపు సంగతుల మీద చేసిన ఈ పనికి వాళ్లిద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది.

మెల్ల లేకుండా కూడా ఇది రావచ్చు. ఒక కంటికి పవర్ ఎక్కువ, ఇంకోదానికి తక్కువ ఉంటే, బయటికి ఏమీ కనిపించకుండానే ఒక కన్ను వెనకబడుతుంది. పిల్ల ఎప్పుడూ ఫిర్యాదు చేయదు, బాగున్న కంటితో నెట్టుకొస్తుంది.

వైద్యం వినడానికి మొరటుగా ఉంటుంది: ముందు సరైన కళ్లద్దాలు, అవి చాలకపోతే మంచి కన్ను మూసేయడం. ఒకప్పుడు రోజంతా ప్యాచ్ వేసేవాళ్లు. ఏడేళ్లలోపు పిల్లల్లో, ఓ మోస్తరు మందగింపు ఉన్నవాళ్లకి రోజుకి రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినా ఫలితం ఒకటేనని 2003లో ఒక అమెరికన్ పరిశోధనలో తేలింది. ప్యాచ్ అంటేనే ఏడ్చే పిల్లలకి, మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి దగ్గరి చూపు మసకబార్చినా దాదాపు అంతే ఫలితమని అంతకు ముందు ఏడాదే చూశారు. ప్యాచ్‌ని చర్మానికే అంటించాలి. కళ్లద్దాలకి తొడిగితే పక్కసందులోంచి తొంగిచూసే విద్య ఏ పిల్లకీ నేర్పక్కర్లేదు.

ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ తర్వాత తలుపు పూర్తిగా మూసుకుపోతుందని పాతకాలం డాక్టర్లు చెప్పేవారు, అది మాత్రం నిజం కాదని తేలింది. పసితనం నుంచి మెల్ల ఉన్న సూజన్ బ్యారీ అనే న్యూరోబయాలజిస్టు 48 ఏళ్ల వయసులో కంటి సాధన మొదలుపెట్టారు. ఒకరోజు కారెక్కి కూర్చుంటే స్టీరింగ్ చక్రం డాష్‌బోర్డు నుంచి విడివడి ముందుకొచ్చినట్టు కనిపించింది. లోతు అంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. అందరికీ ఇలా జరుగుతుందని ఆశపెట్టడం తప్పు, జరగనే జరగదనడమూ తప్పే.

పుట్టిన కొత్తలో కళ్లు అప్పుడప్పుడూ చెదరడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా చెదురుతుంటే చూపించాలి. ముక్కుదూలం వెడల్పుగా ఉన్న పసివాళ్లలో మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంటుంది. టార్చి వేసి, ఆ వెలుగుచుక్క రెండు కంటిపాపల్లోనూ ఒకే చోట మెరుస్తోందా అని చూస్తే నిజం బయటపడుతుంది. ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగానో నల్లగానో కాక తెల్లగా మెరిస్తే మాత్రం వాయిదా వేయొద్దు, కంటి లోపల గడ్డ ఉన్నా అలా కనిపించొచ్చు.

రెండు మూడేళ్లప్పుడు కన్ను లోపలికి తిరిగే పిల్లల్లో చాలామందికి ఆపరేషన్ పనే ఉండదు. వీళ్లకి ప్లస్ పవర్ ఉంటుంది. స్పష్టంగా చూడటానికి కంటి కటకాన్ని బిగించాలి, బిగించినప్పుడల్లా కళ్లు లోపలికి తిరగడం మనందరికీ పుట్టుకతో వచ్చిన ముడి. కళ్లద్దాలు ఆ బిగింపు పని తమమీద వేసుకుంటాయి, కన్ను తిన్నగా నిలుస్తుంది. తీయగానే మళ్లీ తిరుగుతుంది. "అద్దాలు పెట్టాకే మెల్ల ఎక్కువైంది" అని పెద్దవాళ్లు కంగారుపడేది ఇక్కడే. ఎక్కువవలేదు, తిన్నగా ఉన్న కన్నుని చూశాక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోందంతే.

ఆపరేషన్ అంటే కన్ను బయటికి తీస్తారన్న భయం ఇంకా ఉంది. తీయరు. కనుగుడ్డు ఉన్నచోటే ఉంటుంది. తెల్లగుడ్డుకి అతుక్కున్న కండరాన్ని విడదీసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కుడతారు, లేదా కాస్త కత్తిరించి బిగిస్తారు. 1839లో బెర్లిన్‌లో డీఫెన్‌బాక్ అనే సర్జన్ మొదటిసారి మెల్లకి కండరం కోసినప్పుడు మత్తుమందు ఇంకా రానేలేదు, ఆ రోగి ధైర్యానికి దణ్ణం పెట్టాలి. కండరాన్ని కోయకుండా సూదిమందుతో కొన్నాళ్లు బలహీనపరిచే దారిని అమెరికన్ కంటి డాక్టర్ ఆలన్ స్కాట్ కనిపెట్టారు. ఆ మందే ఇవాళ ముఖం ముడతలకి వాడే బోటాక్స్. దానికి 1989లో అమెరికాలో మొదట అనుమతి దొరికింది అందానికి కాదు, మెల్లకన్నుకీ రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆపరేషన్ కన్నుని తిన్నగా నిలుపుతుంది, మందగించిన చూపుని తేదు. దానికి ప్యాచ్ లాంటి వైద్యమే కావాలి.

బాగా తిన్నగా కనిపించే కళ్లలో మామూలుగా దొరికే లోపం, దగ్గరికి చూసేటప్పుడు రెండూ సరిగ్గా లోపలికి కలవకపోవడం. పెన్ను కొనని ముక్కు వైపు మెల్లగా తెస్తూ, రెండుగా ఎప్పుడు కనిపిస్తుందో చెప్పమంటారు. ఐదారు సెంటీమీటర్ల దాకా ఒకటిగానే ఉంటే సరే. పదిహేను దగ్గరే విడిపోతే, పుస్తకం మీద ప్రతి పేజీ ఒక కుస్తీయే.

దీనికి వాడే సాధనాల్లో నాకు ముచ్చటగా అనిపించేది బ్రాక్ తాడు. మూడు రంగుపూసలు గుచ్చిన మామూలు దారం. ఒక కొన తలుపు గడియకి కట్టి, రెండోది ముక్కుకి ఆనించుకుంటారు. నడిమి పూసని చూస్తే ఒక దారం రెండై, సరిగ్గా ఆ పూస దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటున్నట్టు కనిపిస్తుంది. దాటే చోటు పూస కంటే ముందుంటే కళ్లు ఎక్కువ కలిశాయి, వెనకుంటే చాలినంత కలవలేదు. ఒకటే దారం కనిపిస్తే ఒక కన్ను పని మానేసిందన్నమాట. మెదడులో జరిగే సంగతి అలా దారం మీద కళ్లెదుటే కనిపిస్తుంది.

ఈ సాధన పనిచేస్తుందా? 2008లో వెలువడిన ఒక పరీక్షలో 9 నుంచి 17 ఏళ్ల వయసున్న 221 మందిని నాలుగు జట్లుగా చేసి 12 వారాలు చూశారు. క్లినిక్‌లో నిపుణుల దగ్గర వారం వారం సాధన చేసినవాళ్లలో 73 శాతం మందికి నయమైంది లేదా మెరుగైంది. ఇంట్లో పెన్సిల్‌తో మాత్రమే చేసినవాళ్లలో 43 శాతం. క్లినిక్‌కి వచ్చి ఉత్తుత్తి సాధన చేసినవాళ్లలో 35 శాతం. అంటే ఎక్కువమందికి రాసిచ్చే పెన్సిల్ సాధన ఉత్తుత్తిదాని కన్నా పెద్దగా మెరుగు కాదు. 2019 నాటి ఇంకో పరీక్ష సంగతి అమ్మేవాళ్లు చెప్పరు: కళ్లు కలవడం బాగుపడింది కానీ, చదివింది అర్థం చేసుకునే శక్తి ఉత్తుత్తి జట్టు కన్నా పెరగలేదు. డిస్లెక్సియా, అంటే చదవడం కష్టమయ్యే లోపం, కంటి జబ్బు కాదని పిల్లల డాక్టర్ల, కంటి డాక్టర్ల సంఘాలు అమెరికాలో 2009లోనే కలిసి ప్రకటించాయి. కళ్లకి సాధన చేయిస్తే మార్కులు పెరుగుతాయని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే నేనైతే జేబు గట్టిగా పట్టుకుంటాను.

పెద్దవాళ్లకి ఒకటి రెండుగా కనిపించినప్పుడు ఇంట్లోనే చేయగల పరీక్ష, మళ్లీ ఒక కన్ను మూయడమే. ఏ కన్ను మూసినా రెండోది మాయమైతే కళ్ల పొందికలో తేడా. ఒక కన్ను మూశాక కూడా రెండుగానే ఉంటే ఆ కంట్లోనే శుక్లం లాంటిదేదో ఉంది. పక్కపక్కన రెండు కనిపించి, దూరం చూస్తే ఎక్కువవుతుంటే కన్నుని బయటికి తిప్పే నరం దెబ్బతిని ఉండొచ్చు. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇది తరచూ మూడు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అప్పటిదాకా కళ్లద్దాలకి అతికించే, వెలుగుని పక్కకి వంచే ప్రిజం పలక ఆదుకుంటుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలి రెండుగా కనిపిస్తుంటే కండరాలకీ నరాలకీ మధ్య కబురు అందడం లేదని అనుమానించాలి. రెప్ప వాలి, ఆ కంటిపాప రెండోదానికంటే పెద్దదై, తలనొప్పి కూడా ఉంటే కళ్లద్దాల షాపు ఊసే వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మెదడులో ఉబ్బిన రక్తనాళం రెప్పనీ కంటిపాపనీ నడిపే నరాన్ని నొక్కుతుండొచ్చు.

కిందా పైనా రెండు కనిపించి, మెట్లు దిగేటప్పుడు తడబడితే అది మెదడు నుంచి వచ్చే నరాల వరసలో నాలుగోదైన, కన్నుని కిందికి తిప్పే నరంలో లోపం. ఇక్కడ డాక్టర్ ఒక వింత కోరిక కోరతారు: పాత ఫొటోలు ఉంటే పట్టుకురమ్మని. యాభై ఏళ్ల మనిషి పెళ్లి ఫొటో, కాలేజీ గ్రూప్ ఫొటో, ఐదేళ్లప్పుడు స్టూడియోలో తీయించుకున్నది వరసగా బల్లమీద పరుస్తారు. అన్నింట్లోనూ తల ఒకే భుజం వైపు కాస్త ఒరిగి ఉంటుంది. "తిన్నగా నిలబడు" అని ఎందరు ఎన్నిసార్లు సరిచేసి ఉంటారో. లోపం పుట్టుకతోనే ఉంది, తల వంచి రెండు బొమ్మల్నీ ఒకటి చేసుకుంటూ వచ్చాడు. యాభైకి ఆ ఓపిక తగ్గింది, అంతే. ఇక స్కానింగ్‌ల కోసం పరిగెత్తాల్సిన తొందర ఉండదు.